మార్టూరులో రెండు కెమేరాలు

చెన్నై నుంచి కలకత్తా పోయే రాజమార్గం మీద ఒంగోలుకూ చిలకలూరిపేటకూ నడుమ మార్టూరు వస్తుంది. వస్తుంది అన్నాను గాని, బస్సులో కూర్చున్నవాళ్ళలో చాలామందికి అది వచ్చినట్టూ తెలియదు, పోయినట్టూ తెలియదు. కిటికీలోంచి చూస్తే గ్రానైటు ఫ్యాక్టరీల ముందు పాలిషు పెట్టిన రాతిపలకలు వరసగా నిలబెట్టి వుంటాయి. లారీలు ఆగి వుంటాయి. టీ దుకాణాల ముందు డ్రైవర్లు ఒళ్ళు విరుచుకుంటూ వుంటారు. ప్రయాణీకుడు "రాళ్ళ వూరు కాబోలు" అనుకుని మళ్ళీ కునుకు తీస్తాడు.

రోడ్డు దిగి కాస్త లోపలికి నడిస్తే అసలు మార్టూరు కనిపిస్తుంది. నల్లరేగడి నేల, పత్తి, మిరప. జిల్లా పేరు మారింది: 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లాలో వున్న యీ వూరు అప్పుడు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. నేల మాత్రం ఏ జిల్లాకు పోయినా నల్లదే. మాఘమాసంలో వెళ్ళినవారికి ఆ నల్లటి నేల మీద ఒకవైపు ఆఖరి తీత పత్తి తెల్లగాను, మరొకవైపు కల్లాల్లో మిరప ఎర్రగాను కనిపిస్తాయి. మూడే రంగులు. ఆ మూడూ కెమేరాకు కఠినమైన పరీక్షలే!

మా అక్కయ్యది యీ వైపు పల్లె. ఆవిడ కొడుకు ఒక ఫోటో స్టూడియోలో రెండేళ్ళు చేతికింద పనిచేసి, ఇక సొంతంగా పెళ్ళిళ్ళు ఒప్పుకుందామనుకుంటున్నాడు. ఆ యేడు మిరప డబ్బులో కొంత తీసి కెమేరాకు యిస్తానన్నది అక్కయ్య. మిరప డబ్బంటే మాటలు కాదు. విత్తనం, మందులు, కూలి, కౌలు అన్నీ పోగా మిగిలిన డబ్బు. దాన్ని ఒక యంత్రం మీద పెట్టి, ఆ యంత్రం ముహూర్తం వేళకు మొరాయిస్తే, పోయేది డబ్బొక్కటే కాదు. కుర్రవాడికి వూళ్ళో మాట కూడా పోతుంది.

బేరానికి వచ్చినవి రెండు. ఒకటి నికాన్ డి-700. 2008లో వృత్తిదారుల కోసం తయారైన పెద్ద కెమేరా. రెండోది అదే కంపెనీవారి డి-3500. 2018లో కొత్తగా నేర్చుకునేవారి కోసం వచ్చిన చిన్నది. ఇప్పుడు రెండూ చేతులు మారినవే దొరుకుతాయి. ధర కూడా యించుమించు ఒకటే చెప్పారు. పెద్దదాన్ని అమ్మేవారి దగ్గర రెండు రోజులకు అడిగి తెచ్చాను. చిన్నది నా దగ్గరే వుంది. రెండూ సంచీలో వేసుకుని బస్సు దిగాను.

కాగితం మీద చూస్తే చిన్నదే గెలుస్తుంది. పెద్దది బొమ్మను కోటీ ఇరవై లక్షల చుక్కలుగా పట్టుకుంటే, చిన్నది రెండు కోట్ల నలభై లక్షల చుక్కలుగా పడుతుంది. పెద్దది బ్యాటరీ కాక 995 గ్రాములు. చిన్నది బ్యాటరీతో కలిపి 415 గ్రాములు. చిన్నది వీడియో తీస్తుంది. పెద్దదానికి ఆ విద్యే తెలియదు. మా మేనల్లుడు యీ లెక్కలన్నీ కంఠస్థం చేసి, "ఇంకా ఆలోచన ఎందుకు మామయ్యా?" అన్నాడు.

"ముందు వూరు తిరుగుదాం పద," అన్నాను.

మొదట రాతి ఫ్యాక్టరీల వైపు వెళ్ళాం. దగ్గర్లోని బల్లికురవ క్వారీల నుంచి యినపరంగు రాయి వస్తుంది. ఇల్లంత బండను రంపం కింద పెట్టి, నీళ్ళు పోస్తూ పలకలుగా కోస్తారు. తడిగా వున్నంతసేపు బురద, ఆరితే పిండిలాంటి దుమ్ము. అది అద్దం మీద, చేతుల మీద, కనురెప్పల మీద కూడా వాలుతుంది. పెద్దదాని ఒళ్ళు మెగ్నీషియం లోహం. దుమ్మూ తేమా తేలిగ్గా చొరబడకుండా కీళ్ళ దగ్గర రబ్బరు కట్టుదిట్టం వుంది. లోపల బొమ్మను పట్టే సెన్సర్ పలక మీద దుమ్ము వాలితే, దాన్ని సన్నగా కంపింపజేసి దులుపుకునే ఏర్పాటు కూడా వుంది. చిన్నదానికి యీ రెండూ లేవు. ఆ దుమ్ములో లెన్సు మార్చితే, ఆ తరవాత తీసిన ప్రతి ఆకాశంలోనూ నల్లచుక్కలు కనిపించవచ్చు.

అక్కడినుంచి పత్తిచేలోకి వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం. తెల్లటి పత్తి, కింద నల్లటి నేల, నెత్తిన కండువా కప్పుకున్న ఆడకూలీల ముఖాల మీద నీడ. పత్తి పింజలు తెలుపులో కొట్టుకుపోకుండా తీస్తే ముఖాలు చీకట్లో పడతాయి. రెంటితోనూ అలాగే తీసి, రాత్రి కంప్యూటరులో ఆ నీడల్ని వెలుతురుకు లాగి చూశాం. ఇక్కడ చిన్నదే నెగ్గింది. పదేళ్ళు ఆలస్యంగా పుట్టిన సెన్సర్ కదా! కండువా కింది కళ్ళూ, నుదుటి బొట్టూ శుభ్రంగా బయటికి వచ్చాయి. పెద్దదానిలో వచ్చాయి గాని, వెంట యిసక చల్లినట్టు చుక్కలూ వచ్చాయి. మరో సంగతి: పెద్ద కెమేరా ఎత్తగానే కూలీలు నడుములు నిలబెట్టి బొమ్మల్లా బిగుసుకున్నారు. చిన్నదాన్ని ఎవరూ లక్ష్యపెట్టలేదు. "ఏం నాయనా, పేపర్లో వేస్తావా?" అని ఒక ముసలమ్మ నవ్వింది. ఆ నవ్వు చిన్నదానిలోనే పడింది.

సాయంత్రం మిరప కల్లానికి చేరాం. దూరాన్నుంచే తుమ్ములు స్వాగతం చెప్పాయి. పట్టాల మీద పరిచిన కాయ మీద ఏటవాలు ఎండ పడుతుంటే చూడముచ్చటగా వుంది. కెమేరాలు రెంటికీ లెక్క వాటికే వదిలి తీశాం. రెండు బొమ్మలూ చూపిస్తే, తాలుకాయ ఏరుతున్న అక్కయ్య ఒక్క క్షణం చూసి, "ఇదేమిట్రా, ఎర్ర దుప్పటి ఆరేసినట్టుంది! కాయేదీ?" అన్నది.

ఆవిడ మాటలో శాస్త్రం వుంది. సెన్సర్ ప్రతి దృశ్యాన్నీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పాళ్ళుగా కొలుస్తుంది. మిరపకాయలో దాదాపు అంతా ఎరుపే. మొత్తం వెలుతురు సరిపోయినట్టు కనిపించినా, ఎరుపు పాలు ఒక్కటే గిన్నె నిండి పొర్లిపోతుంది. పొర్లిన చోట ముడతా లేదు, మెరుపూ లేదు, తొడిమ దగ్గర నీడా లేదు. ఇది పాతదానికీ కొత్తదానికీ సమానమే. మందు కూడా ఒక్కటే: వెలుతురు తగ్గించి తీయడం, మూడు రంగులకూ విడివిడిగా గీసి చూపే పటంలో ఎరుపు అంచు దాటకుండా కాపు కాయడం. అలా తీసిన బొమ్మలు చూపిస్తే అక్కయ్య వేలితో చూపించి, "ఇదిగో, యిది తాలు. ఇది మంచి కాయ," అని ఏరేసింది. ఏ బొమ్మ ఏ కెమేరాదో మాత్రం చెప్పలేకపోయింది. ఎండ బాగుండి, తీసేవాడు లెక్క తెలిసినవాడైతే, కాయంత బొమ్మలో పెద్దా చిన్నా తేడా తెలియదు.

తేడా తెలిసింది రాత్రి పెళ్ళి పందిట్లో. బంధువుల పెళ్ళే, ఫోటోలు తీసేవారు వేరే వున్నారు కనుక మాకు పరీక్షకు వీలు చిక్కింది. ఒక మూల కళ్ళు జిగేలుమనే రంగుల దీపాలు, మరో మూల చీకటి. మా వాడి దగ్గర స్టూడియో యజమాని యిచ్చిన పాత 50 మిల్లీమీటర్ల లెన్సు వుంది. ఆ రకం లెన్సులో తనకంటూ మోటారు వుండదు. కెమేరాలోని మోటారే దాన్ని తిప్పాలి. పెద్దదానిలో ఆ మోటారు వుంది. చిన్నదానిలో లేదు, చేత్తో తిప్పుకోవాలి. తలంబ్రాలు పోసేటప్పుడు పెళ్ళికూతురు నవ్వే నవ్వు మనం లెన్సు తిప్పేదాకా ఆగుతుందా? పైగా చూపు నిలుపుకోవడానికి పెద్దదానికి 51 గురిచోట్లు, చిన్నదానికి 11. పెద్దదానికి వేలికొకటి, బొటనవేలికొకటి చక్రాలున్నాయి. కన్ను తీయకుండానే అన్నీ మార్చుకోవచ్చు. సెన్సర్ కూడా పాత ఫిలిం ముక్కంత వెడల్పు, 36 మిల్లీమీటర్లు. చిన్నదానిది 23.5. అందుచేత మసక వెలుతురులో, చుక్కలు తక్కువైనా, పెద్దదే నిలిచింది. ఇరుకు పందిట్లో ఆ 50 లెన్సు చిన్నదానికి తగిలిస్తే 75లా దగ్గరికి లాగి, తీసేవాణ్ణి వెనక్కు నెడుతుంది. వెనక పాయసం గంగాళం వుందాయె!

చిన్నదాని గొప్ప కూడా అక్కడే బయటపడింది. తీసిన బొమ్మను బ్లూటూత్ ద్వారా ఫోనులోకి చిన్న సైజులో పంపింది. జీలకర్రా బెల్లం పెట్టిన కాసేపటికే పెళ్ళికొడుకు అన్న అమెరికాలో చూసుకుని ఫోను చేశాడు. పెళ్ళికూతురి నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఆల్బం లెక్క వేశాం. మన పెళ్ళి ఆల్బం విప్పితే 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు. ఒకే బొమ్మ ఆ వెడల్పంతా పరిస్తే అంగుళానికి పెద్దదానిలో 118 చుక్కలు, చిన్నదానిలో 166. సగం పుటకైతే 236, 333. చేతిలో పట్టుకు చూసే సగం పుటకు పెద్దదీ చాలు. రెండు పుటలూ పరిచే బొమ్మకు చిన్నదే మెరుగు.

ఇక మిగిలింది ఆరోగ్యం. ఒంగోలు గిత్తను కొనేవాడు పళ్ళు చూడకుండా పగ్గం పట్టడు. పాత కెమేరాకు పళ్ళు అంటే షట్టరు లెక్క. డి-700 షట్టరును కంపెనీవారు లక్షా యాభై వేల సార్లు కొట్టించి పరీక్షించారు. పెద్ద పెళ్ళిలో రెండు వేల సార్లు నొక్కడం వింత కాదు. ఆ లెక్కన అది డెబ్భై అయిదు పెళ్ళిళ్ళ ఆయుష్షు. మాకు చూపించినది అరవై వేలు దాటింది. మిగిలినది హామీ కాదు, ఆశ. పట్టు దగ్గర రబ్బరు వుబ్బిందేమో, కార్డు దూర్చే చోట సూదులు వంగాయేమో, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో కూడా చూసుకున్నాం.

అన్నీ విని అక్కయ్య ఒకే మాట అడిగింది: "పెళ్ళి మధ్యలో అది ఆగిపోతే?"

దానికి జవాబు ఏ కెమేరా చరిత్రలోనూ లేదు. ముహూర్తం మళ్ళీ రాదు. ఒంటి కెమేరాతో పెళ్ళికి పోయేవాడు ఒంటెద్దుతో దుక్కికి పోయినట్టే. అందుకని యిలా తేల్చాం: చీకటి పందిళ్ళలో కూడు పెట్టేది పెద్దది, కొనవలసింది అదే. పక్కన కాపలాకూ, ఫోనుకు బొమ్మలు పంపడానికీ చిన్నది వుండాలి. వీడియో పని ఎలాగూ వేరేవారిది. నాలా సెలవులకు వూళ్ళు తిరిగి, పిల్లల్నీ పొలాల్నీ తీసుకునేవారు మాత్రం పెద్దదాని జోలికి పోనక్కరలేదు. ఆ కిలో బరువు వారి భుజానికి దండగ.

అక్కయ్య డబ్బు లెక్కపెట్టి యిచ్చింది. నోట్లకు యింకా మిరప ఘాటు వుంది. అమ్మినాయన తీసుకుంటూనే తుమ్మాడు.

వైశాఖం పెళ్ళిళ్ళు అయ్యేదాకా వుంటుందని మా వాడు నా చిన్న కెమేరాను వుంచుకున్నాడు. వైశాఖం పోయింది, శ్రావణం వచ్చింది. కెమేరా తిరిగి రాలేదు. వాడికి పెళ్ళిళ్ళు మాత్రం వస్తున్నాయట.