దండెం మీది చీర



గత మాఘమాసంలో మా కుమార్తె వివాహం నిశ్చయమైంది. వరునిది సిరిసిల్ల. గౌరీపూజ వేళ కుమార్తె తన పెళ్ళినాటి పట్టుచీర ధరించాలన్నది నా ధర్మపత్నికి చిరకాల వాంఛ. 1993లో మా వివాహమప్పుడు ఆమె పుట్టింటివారు పెట్టిన చీర అది. కోరుట్లలో మేముండేది రెండు గదుల ఇల్లు. ఒక బీరువా, ఒక ఇనుప సందుగ. చీర సందుగ అడుగున ఉంది. దానిమీద నావి నలభై మూడు శాలువలు ఉన్నాయి.

సభల్లో, సప్తాహాల్లో, బ్రహ్మోత్సవాల్లో నాకు కప్పిన శాలువలవి. ఒక్కటీ కప్పుకొన్నది లేదు. చాలావాటికి పైనున్న ప్లాస్టిక్ సంచి కూడా విప్పలేదు. వాటన్నిటినీ తీసి, అడుగునున్న చీరను వెలికితీసి విప్పితే, జరీ అంచు పొడవునా మడత పడిన ప్రతిచోటా పట్టు చీలిపోయి ఉంది. వర్షాకాలపు చెమ్మ గోడనుంచి సందుగకు చేరి, పైబరువు వల్ల గాలి ఆడక, బూజు మచ్చలు కూడా కట్టింది.

ఆమె ఏమీ అనలేదు. కొంతసేపటికి, “పూజకు పనికివస్తుందా?” అని మాత్రం అడిగింది. చినిగిన వస్త్రం, కాలిన వస్త్రం కర్మకు అనర్హమని ఎందరో గృహస్థులకు చెప్పినవాణ్ణి నేనే. ఆమెకూ అదే చెప్పవలసివచ్చింది.

ఆ ముందటి వారమే నేనొక సత్సంగంలో అపరిగ్రహాన్ని గురించి గంటసేపు ప్రసంగించాను. పతంజలి మహర్షి చెప్పిన అయిదు యమాలలో అది చివరిది. వస్తువును ఆర్జించడంలో, రక్షించడంలో, అది క్షయించడంలో, దానిపట్ల సంగంలో, దానివల్ల కలిగే హింసలో ఉన్న దోషాలను చూచి స్వీకరించకుండా ఉండటమే అపరిగ్రహమని వ్యాసభాష్యం వివరిస్తుంది. ఈ అయిదింటిలో రక్షణదోషం అంటే దొంగల భయమనే ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను. నేను రక్షించుకొన్న వస్తువు మరొకరి వస్తువును క్షయింపజేస్తుందన్న సంగతి నా సందుగలోనే ఉండగా నాకు తోచలేదు. శాలువలు పరిగ్రహమని కూడా నేనెన్నడూ అనుకోలేదు. అవి విద్యకు జరిగిన గౌరవమనుకొన్నాను. ఆమె చీరలు ఎక్కువైనాయని మాత్రం రెండుమూడుసార్లు అన్నాను.

బాల్యంలో జగిత్యాలలో మా గురువుగారింట్లో ఎనిమిదిమంది విద్యార్థులం. ఒక్కొక్కరికి రెండు పంచెలు, రెండు ఉత్తరీయాలు, ఒక మూట. ఆ ఇల్లు ఇప్పటి మా ఇంటికన్నా పెద్దదేమీ కాదు. అయినా బట్టలకు చోటు చాలలేదన్న మాట వినలేదు. పైకప్పునుంచి రెండు తాళ్ళతో వేలాడే వెదురు దండెం ఉండేది. మడిబట్టలు దానిమీద. కర్రతో ఆరవేసి, కర్రతోనే తీసేవారు. విడిచిన బట్టలు పెరట్లో రాతిమీద, ఉతికినవి గూట్లో. ఈ బట్ట ఎవరిది అని కాక, దీని స్థితి ఏమిటి అన్న ప్రశ్నతో అక్కడ స్థానం నిర్ణయమయ్యేది. మడి అనగానే అంటు, దూరం అని ఈనాటివారు విసుగుకొంటారు. చిన్న ఇంట్లో తడిబట్టా పొడిబట్టా, ధరించినదీ శుభ్రమైనదీ కలవకుండా ఉంచే ఉపాయం కూడా అందులో ఉంది. నేలమీద చోటులేనప్పుడు తలపైన చోటుంటుందని ఆ వెదురుబద్ద మాకు నేర్పింది.

మనుస్మృతి అయిదవ అధ్యాయంలో ద్రవ్యశుద్ధి ప్రకరణం ఉంది. పట్టుకు, ఉన్నికి చవుటిమన్నుతో శుద్ధి, కంబళికి కుంకుడుతో శుద్ధి, నారవస్త్రానికి తెల్ల ఆవాలతో శుద్ధి. ఏ బట్ట స్వభావం దానిదే అన్న ఎరుక ఆ విధులన్నిటి వెనుకా కనిపిస్తుంది. ఆ ప్రకరణాన్ని ఎన్నిసార్లో పారాయణ చేసిన నేను పట్టుచీరను, పాలిస్టర్ శాలువలను ఒకే పెట్టెలో కుక్కాను.

లగ్నపత్రిక పనిమీద సిరిసిల్ల వెళుతూ, రఫ్ చేయించవచ్చునేమోనన్న ఆశతో ఆ చీరను వెంట తీసుకువెళ్ళాను. సిరిసిల్ల సంగతి పాఠకులకు తెలిసినదే. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టిన తరువాత కొన్ని సంవత్సరాల పాటు, ఏటా కోటికి దగ్గరగా పంచిన చీరలలో అధికభాగం ఆ ఊరి మరమగ్గాల మీదనే తయారైనాయి. వియ్యంకులవారికి పరిచితుడైన ఒక వృద్ధుడు, చిన్ననాట చేమగ్గం మీదా తరువాత మరమగ్గం మీదా పనిచేసినవాడు, చీరను వెలుతురుకు పట్టి చూచాడు. రఫ్ నిలవదన్నాడు.

“అయ్యగారూ, ఏండ్లకేండ్లు ఒక్క మడతల్నే పెడితే పట్టు పగుల్తది. జరీ ఉన్నకాడ ఇంకింత తొందరగ పగుల్తది. మగ్గం మీద బట్టను మేం మడతవెడ్తమా? చుట్టుడే గద!”

నిజమే. నేసిన బట్ట మగ్గం ముందున్న దూలానికి చుట్టుకొంటూ పోతుంది. ఆ ఊరి నేతకళాకారుడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసి ఖ్యాతి గడించారు. కుమారుడు విజయ్ ఆ విద్యను కొనసాగించారు. ఆ చీరను అణిమాసిద్ధికి దృష్టాంతంగా నా ప్రసంగాలలో చెబుతుంటాను. ఆ మాటే ఎత్తితే వృద్ధుడు నవ్వి, “అది అగ్గిపెట్టె కోసమే నేసింది. అమ్మగారి చీర కట్టుకునేటందుకు నేసింది” అన్నాడు.

ఇంటికి వచ్చి శాలువలు వేరుచేయడానికి కూర్చున్నాను. తెలియకుండానే నా చేయి రంగు వెలిసినవాటిని ఒక ప్రక్కకు తీస్తూ, మెరిసేవాటిని మరల సందుగలో పెడుతున్నది. ఆమె చూచి, “కఠోపనిషత్తు మొన్ననే గదా పాఠం చెప్పారు?” అన్నది. పాలుడిగిన గోవులను దానమిస్తున్న తండ్రిని చూచి నచికేతుడు కలతపడిన ఘట్టం అది. నేను మెరిసేవాటినే బయటకు తీశాను. కాని వాటిలో అధికం పలుచని పాలిస్టర్, చలి ఆపదు, నీరు పీల్చదు. నిజంగా ఉన్నివి ఏడే తేలాయి. అవి వేదపాఠశాల పిల్లలకు వెళ్ళాయి. మిగిలినవాటిలో కొన్ని దేవాలయంలో వాహనాలకు, ఉత్సవసామగ్రికి ముసుగులైనాయి. మరికొన్ని ఇంకా ఎవరూ అడగక మూటలో ఉన్నాయి. ఇప్పుడు ఎవరైనా సన్మానమంటే ఒక నూలు తువాలు చాలునని ముందే మనవి చేస్తున్నాను. కొందరు నొచ్చుకొంటున్నారు. (రవికెగుడ్డల సంగతి నా వశంలో లేదు. దసరాకు మా ఇంటినుంచి వెళ్ళిన ఒక గుడ్డ సంక్రాంతికి మా ఇంటికే తిరిగివచ్చింది.)

సందుగను గోడకు జానెడు ఎడంగా, ఇటుకల మీదికి ఎక్కించాము. మిగిలిన పట్టుచీరలను ఉతికిన పాత నూలుపంచెలలో చుట్టి, మధ్య వసకొమ్ములు ఉంచాము. మూడునెలలకొకసారి నీడలో ఆరవేసి, మడతలు మార్చి పెట్టడం నా పని. ఏకాదశికి కలిసివస్తే మరచిపోను. రుద్రాక్షమాలలు, పవిత్రాలు, గంధపుచెక్క ఒక చిన్న వెదురుబుట్టలో దేవుని గూటిప్రక్కన చేరాయి. వెనుక గదిలో పైకప్పుకు మరల దండెం కట్టించాను. దానిమీద నా ధావళి, ఆమె మడిచీర.

కుమార్తె గౌరీపూజకు కొత్తచీరతో కూర్చున్నది. ఆ పాతచీరను ఆమె ఎవరికీ ఇవ్వలేదు, జరీకి అమ్మనూలేదు. ఒక సన్నని వెదురుకు తెల్లగుడ్డ చుట్టి, దానిమీద చీరను మడత లేకుండా చుట్టి, దండెం ప్రక్కనే వేరుగా వేలాడదీసింది. రెండు గదుల ఇంట్లో అది నాలుగు అడుగుల చోటు. దాన్ని గురించి నేనేమీ అనడంలేదు.