ముందు మట్టి... తర్వాతే గుట్ట!

హైదరాబాద్‌లో మౌంటెన్ బైకులకు కొదవలేదు. లావు టైర్లు, ముందు సస్పెన్షన్, ఇరవయ్యొక్క గేర్లు... అన్నీ ఉంటాయి. లేనిదల్లా మట్టి అంటిన గుర్తే! ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డులో రెండు రౌండ్లు కొట్టి, ఇడ్లీ తిని ఇంటికొచ్చేస్తే ఆ గేర్లకు పనేముంది? ఎప్పుడో ఓసారి పౌరుషం పొడుచుకొస్తుంది. నలుగురు మిత్రులు కలిసి ఏకంగా అనంతగిరికి బయల్దేరతారు. మోకాళ్లు చెక్కుకుని తిరిగొస్తారు. ఆ తర్వాత సైకిలు బాల్కనీకే అంకితం.

తప్పు గుట్టది కాదు. మొదటి మెట్టు వదిలేసి మూడో మెట్టు మీద కాలు పెట్టడానిది.

అమెరికా, కెనడాల్లో బాట మొదట్లోనే బోర్డు ఉంటుంది. ఆకుపచ్చ వృత్తమైతే తేలిక, నీలం చదరమైతే మధ్యరకం, నల్ల డైమండ్ అయితే కష్టం. మన దగ్గర అలాంటి బోర్డులు అరుదు. ఎవరి గ్రేడు వాళ్లే వేసుకోవాలి.

కొత్తవాళ్లకు గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టుపక్కల ఊళ్ల మధ్య మిగిలిన మట్టి డొంకలే బడి. ఎత్తుపల్లాలు తక్కువ. పడినా దెబ్బ చిన్నదే. టైర్లలో గాలి కాస్త తగ్గించుకోవడం, రెండు బ్రేకులూ సమంగా నొక్కడం, చూపు పది అడుగుల ముందుకు నిలపడం ఇక్కడే అలవాటు కావాలి. రాయి వంక చూస్తే సైకిలు రాయి మీదికే పోతుంది మరి!

రెండో మెట్టు బండరాళ్లు. దక్కన్ గ్రానైటుకు దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసు. ఖాజాగూడ గుట్టల్లాంటి చోట్ల ఆ బండల మీద మొరం పరచుకుని ఉంటుంది. గోళీల మీద నడిచినట్టే... బ్రేకు గట్టిగా పట్టారా, చక్రం జారిందన్నమాటే. సీటు కిందికి దించి, పెడళ్లు సమంగా ఉంచి, బరువు వెనక్కి వేయాలి. నడకకు వచ్చినవాళ్లు ఎదురైతే సైకిలే ఆగాలి.

ఇక మూడోది, నగరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, వికారాబాద్ పక్కనున్న అనంతగిరి. నిట్రమైన దిగుళ్లు, బాటకు అడ్డంగా వేర్లు, రాలిన ఆకుల కింద కనపడని రాళ్లు. వాన పడితే అంతా జారుడే. అటవీశాఖ అనుమతి, హెల్మెట్, ఒక తోడు లేకుండా వెళ్లకూడదు.

మూసీ పుట్టేది ఈ అనంతగిరిలోనే. అక్కణ్నుంచి దిగి గండిపేట చేరుతుంది. నది పైనుంచి కిందికి వస్తుంది. నేర్చుకునేవాళ్లు మాత్రం కిందినుంచి పైకి వెళ్లాలి!

చిక్కల్లా ఆ కింది మెట్టే కరిగిపోవడం. పడమటి శివార్లలో నిన్నటి డొంక నేడు తారురోడ్డు, రేపు గేటెడ్ కాలనీ. ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. మంచిదే. కానీ నున్నటి ట్రాక్ కాళ్లకు బలమిస్తుంది తప్ప చేతులకు ఒడుపు నేర్పదు. అడవులకూ భరోసా లేదు. ట్రెక్కర్లు, సైక్లిస్టులు తిరిగిన వికారాబాద్ జిల్లా దామగుండంలో దాదాపు 2,900 ఎకరాల అటవీభూమి నౌకాదళ వీఎల్‌ఎఫ్ సమాచార ప్రసార కేంద్రానికి వెళ్లింది. 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది.

అడవి పోతోందంటే అడగడానికి కొందరైనా ముందుకొస్తారు. ఊరి పక్కన డొంక పోతే అడిగేదెవరు? పేరు లేదు, బోర్డు లేదు, మ్యాపులో గీత కూడా ఉండదు. కాబట్టి ఈ ఆదివారం అనంతగిరి సంగతి పక్కనపెట్టి, దగ్గర్లోని మట్టిబాట మీద ఓసారి పడి లేవండి. దాని కోసం నోరు తెరవాల్సింది అక్కడ దుమ్ము కొట్టుకున్నవాళ్లే!