అప్పికట్ల మీదుగా సూర్యలంకకు

రేపల్లెలో బండెక్కి, తెనాలిలో మారి, బాపట్లలో దిగి, అక్కణ్ణుంచి తొమ్మిది కిలోమీటర్లు రోడ్డు పట్టుకుని వెళితే సూర్యలంక. సముద్రం కోసం వెళ్లేవాళ్లు పట్టించుకోకుండా దాటిపోయే చిన్న స్టేషను ఒకటి ఈ దారిలో ఉంది. నిడుబ్రోలుకీ బాపట్లకీ మధ్య ఉండే అప్పికట్ల అది. 1905లో కొసరాజు రాఘవయ్య చౌదరి పుట్టిన ఊరు. తెలుగు సినిమాలో పల్లెపాట అనగానే ముందు గుర్తొచ్చే పేరు ఆయనదే. ఆయనను జానపద కవి అని గౌరవంగా పిలుచుకుంటాం. ఆ పిలుపు ఆయనకు మేలు కన్నా కీడే ఎక్కువ చేసిందని నా నమ్మకం. ఊళ్లో ఎవరో పాడుకుంటున్న పాటలను మద్రాసు తీసుకెళ్లి అప్పజెప్పిన మనిషన్న భావం అందులో దాగి ఉంది. నిజానికి ఆయన పల్లె పనిలోని లయనూ, పల్లె రచ్చబండ మీది వాదననూ ఆకళించుకుని కొత్తగా పాట కట్టిన రచయిత. పల్లెపాట పల్లెదా కాదా అని తేల్చవలసింది కట్టినవాడి పేరు తెలిసిందా లేదా అన్నదాన్నిబట్టి కాదు, ఆ పాట ఏ పనిని మోస్తోంది, ఎవరి తరఫున మాట్లాడుతోంది అన్నదాన్నిబట్టి. ఈ ప్రయాణం ఆ మాటను ఈ నేలమీదే పరీక్షించి చూడడానికి.

రేపల్లె ప్రాంతం ఒక హెచ్చరికతో మొదలవుతుంది. ఇక్కడికి దగ్గరలోని కావూరులో 1901లో తుమ్మల సీతారామమూర్తి పుట్టారు. గాంధీ ఆత్మకథను పద్యాల్లోకి తెచ్చిన కవి, తెలుగులెంక. రైతు బతుకును ఆయనకన్నా దగ్గరగా చూసిన పద్యకవులు అరుదు. 'పఱిగపంట' అని పుస్తకానికి పేరు పెట్టుకున్న కవికి పొలం తెలియదని ఎవరూ అనలేరు. అయినా ఆయన పద్యం పొలంలో పాడుకోవడానికి పుట్టలేదు. పొలం గురించి చదువుకోవడానికి, సభలో వినిపించడానికి పుట్టింది. కాబట్టి పల్లె గురించి రాయడం ఒకటి, పల్లె చేతికి పాట ఇవ్వడం మరొకటి. రెండూ గొప్పవే, కానీ వాటిని కలిపేస్తే కొసరాజు చేసిన పని కనబడదు.

రేపల్లె బండి భట్టిప్రోలు, వేమూరు దాటి తెనాలి చేరుతుంది. వేమూరు రంగస్థల నటుడు గగ్గయ్య గొంతు పుట్టిన ఊరు, తెనాలి నాటక సమాజాల ఊరు. ఈ డెల్టాలో ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో గౌరవమంతా రంగస్థలానిది. రాగం తీసి పద్యం పాడితే ఊరు ఊరంతా కూర్చునేది. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా పాడిన ప్రసిద్ధమైన పాటను తానే రాసుకున్నారని చెబుతారు. స్వయంగా కట్టి స్వయంగా పాడే సంప్రదాయం ఈ నేలకు కొత్త కాదన్నమాట. కానీ ఆ పాటలో సత్యభామ ఉంది, నాట్లు వేసే మనిషి లేదు. నాట్ల పాట, కలుపు పాట, దంపుళ్ల పాట వేదిక కింద ఉండిపోయాయి. 1950ల్లో బిరుదురాజు రామరాజు వంటి పండితులు విశ్వవిద్యాలయ పరిశోధనకు ఎక్కించేదాకా వాటికి చదువుకున్నవాళ్ల లోకంలో చోటే దొరకలేదు.

ఇదే సమస్య అమెరికాలో ఎలా తేలిందో చూస్తే మన సంగతి స్పష్టమవుతుంది. 1927లో బ్రిస్టల్ అనే చిన్న పట్నంలో రాల్ఫ్ పీర్ అనే గ్రామఫోను కంపెనీ మనిషి కొండప్రాంతపు గాయకులను పిలిచి రికార్డు చేశాడు. కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ అక్కడే వెలుగులోకి వచ్చారు. అక్కడి కంట్రీ సంగీతానికి అది తొలి మలుపుల్లో ఒకటిగా లెక్క. ఏ.పి. కార్టర్ ఊరూరా తిరిగి పాటలు సేకరించేవాడు. బాణీలు గుర్తుపెట్టుకోవడానికి లెస్లీ రిడిల్ అనే నల్లజాతి సంగీతకారుడు తోడు వెళ్లేవాడు. రికార్డుల మీద మాత్రం కార్టర్ పేరే పడింది. పాత పాటకు కొత్త యజమాని ఎలా పుడతాడన్న అనుమానం అక్కడ ఇప్పటికీ ఉంది, అది న్యాయమైన అనుమానమే. కొసరాజునూ అదే ప్రశ్న అడగాలి: ఈయన కట్టినదెంత, ఏరుకొచ్చినదెంత?

తెనాలి నుంచి దక్షిణంగా వెళ్లే రైలు చుండూరు మీదుగా పోతుంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు ఊచకోతకు గురైన ఊరు. పల్లె గురించి మాట్లాడే ఎవరికైనా ఇక్కడ ఇంకా పెద్ద ప్రశ్న ఎదురవుతుంది. పల్లె అంటే ఎవరి పల్లె? రైతు పాటలో కూలీ ఎక్కడున్నాడు? గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరల మీద పాట కట్టిన రోజుల్లోనే కుసుమ ధర్మన్న నల్లదొరతనమూ వద్దంటూ పాట కట్టాడు. ఆ గొంతును పక్కన పెట్టి పల్లెపాట చరిత్ర రాస్తే అది సగం చరిత్రే. ఈ ప్రశ్నను దాటవేయను. అయితే కొసరాజు ఏం చేశారో చూశాకే దానికి జవాబు వెతకాలి.

నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా ఊరు. 1930ల్లో ఇక్కడ నడిచిన రైతాంగ విద్యాలయంలో రైతు కార్యకర్తలు తయారయ్యారు. జమీందారీ వ్యతిరేక ఉద్యమం నుంచే గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' సినిమా 1939లో వచ్చింది. బళ్లారి రాఘవ, టంగుటూరి సూర్యకుమారి నటించిన ఆ చిత్రానికి జమీందార్ల నుంచి గట్టి వ్యతిరేకత ఎదురైంది. కొసరాజు అందులో పాటలు రాశారు, తెరమీదా కనిపించారు. ఆయన సినిమా జీవితం వినోదంతో కాక ఉద్యమంతో మొదలైందని మరచిపోతే తర్వాతి పాటలు సగమే అర్థమవుతాయి. ఆ తర్వాత పదిహేనేళ్లు సినిమాలో ఆయన పేరు పెద్దగా వినిపించలేదు. 1954లో కె.వి. రెడ్డి తీసిన 'పెద్దమనుషులు'తో మళ్లీ వచ్చారు. అందులో రేలంగి వేసిన తిక్క శంకరయ్య పాత్ర నోట ఊరి పెద్దల గుట్టు బయటపెట్టించారు. పట్నం చూసి వచ్చిన కుర్రవాడుగా కాదు, యాభై ఏళ్ల అనుభవం ఉన్న ఊరి మనిషిగా ఆయన ఆ పాటలు రాశారు.

అప్పికట్ల దగ్గర రైలు రెండు పక్కలా డెల్టా మాగాణి. 1850ల్లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాక కాలువలు తెచ్చిన నీళ్లతో వరి, వరి కోశాక మినుము. కాలువ కన్నా చేను మెరకగా ఉంటే ఇద్దరు మనుషులు చెరో పక్క తాళ్లు పట్టుకుని గూడ వేసి నీళ్లు ఎత్తిపోసేవాళ్లు. ఇద్దరి చేతులూ ఒకే లెక్కలో ఊగాలి, ఒకరు తొందరపడితే నీళ్లు ఒలికిపోతాయి. 1957లో 'తోడికోడళ్లు' చిత్రానికి కొసరాజు రాసిన ప్రసిద్ధమైన యుగళగీతం ఆ గూడ వేసే పని మీదే నడుస్తుంది. ఘంటసాల, సుశీల ఒకరి మాట ఒకరు అందుకునే తీరు, మాస్టర్ వేణు బాణీలోని ఊపు ఆ పని నుంచే వచ్చాయి. ఇందులో ప్రేమ పనికి అలంకారం కాదు. సమానంగా చెయ్యి కలిపితే తప్ప సాగని పనిలోంచే ప్రేమ పుడుతుంది. ఈ ఆలోచన ఏ పాత పాట నుంచీ ఏరుకొచ్చినది కాదు. అదే సినిమాలో ఆత్రేయ కారులో వెళ్లే మనిషిని నిలదీస్తూ రాసిన పాట ఉంది. ఆత్రేయ శ్రమను బయటినుంచి చూసి దాని అన్యాయాన్ని చూపిస్తారు, కొసరాజు శ్రమ లోపల నిలబడి దాని లెక్క చెబుతారు.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం 1955 నాటి 'రోజులు మారాయి'లోని ఏరువాక పాట. జ్యేష్ఠ పున్నమినాడు ఎద్దులను కడిగి, అలంకరించి తొలి దుక్కి దున్నే పండగ ఏరువాక. ఆ పండగకు పాత పాటలుంటాయి, బాణీకీ జానపద మూలం ఉందనే అనుకుందాం. కానీ ఆ దుక్కి పాటలోకి కొసరాజు ఓట్లడిగి మరచిపోయే నాయకులను లాక్కొచ్చారు. ఆంధ్ర రాష్ట్రంలో ఎన్నికలు జరిగిన ఏడాదే ఆ సినిమా వచ్చింది. శతాబ్దాలుగా వాడుకలో ఉన్న పాటలో ఆ మాటలు ఉండే వీలే లేదు. మరో రుజువు బొంబాయి నుంచి వస్తుంది. జిక్కి పాడగా వహీదా రెహమాన్ ఆడిన ఆ బాణీని ఎస్.డి. బర్మన్ 1960లో 'బంబయి కా బాబు'లో వాడుకున్నారు. అక్కడది అమాయకుడైన ప్రియుడి మీద చిలిపి పాట అయింది. బాణీ బొంబాయి వెళ్లింది గానీ దుక్కి వెళ్లలేదు, నాయకుల మీది కోపం వెళ్లలేదు. బాణీ నుంచి విడదీస్తే ఇక్కడే మిగిలిపోయిన ఆ భాగం కొసరాజు స్వంత రచన.

ఆయన పేరు నిలబెట్టినవి ఎక్కువగా హాస్యం పాటలు కదా, వాటిలో ఇంత బరువెక్కడిదని అడగవచ్చు. 'కులగోత్రాలు'లో పేకాట పాట, 'ఇల్లరికం'లో ఇల్లరికపు అల్లుడి పాట, 'రాముడు భీముడు'లో సిగరెట్టు పాట చూడండి. తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా వాదించుకుంటే ఊరు తీర్పు చెబుతుంది. గొల్లసుద్దుల్లోనూ మాటకు మాట ఉంటుంది. కొసరాజు హాస్యం ఆ కట్టడం మీద నిలిచింది. సిగరెట్టు పాటలో మగవాడు గొప్పలు చెబుతుంటే ఆడమనిషి ఒక్కొక్కటే తుంచేస్తుంది. నీతి చివర్లో అతికించినది కాదు, వాదనలోనే గెలుస్తుంది. ఊళ్లలో ఆస్తులు కరిగించిన పేకాటనూ, అత్తింటి భోగం కింద దాగిన పరాధీనతనూ సభలో ఉపన్యాసం చెబితే ఎవరూ వినరు. నవ్వుతూ విన్నవాడు మాత్రం మరుసటి రోజు ఆ మాటనే పక్కవాడి మీద ప్రయోగిస్తాడు. అలా చేతులు మారడమే పల్లెపాట బతికే పద్ధతి.

ఇంకో అభ్యంతరం ఉంది. కంట్రీ గాయకుడు తన పాట తానే పాడతాడు, హాంక్ విలియమ్స్ పాటలో దుఃఖం హాంక్ విలియమ్స్‌దే, కొసరాజు పాటలు ఎవరెవరో పాడారు కదా అని. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన నాజర్‌ను చూస్తే ఈ మాటకు బలం కనిపిస్తుంది. పేద దూదేకుల ఇంట పుట్టి, కథ తానే కట్టి, తంబుర మీటుతూ తానే చెప్పి, బుర్రకథను ప్రజల ఆయుధం చేసిన నాజర్ 1986లో పద్మశ్రీ అందుకున్నారు. పాట మనిషీ పాటా ఒకటైతే వచ్చే శక్తి అది. అయినా కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో సైతం బ్రయాంట్ దంపతుల్లాగా ఇతరుల గొంతుల కోసమే రాసి ఆ సంగీతాన్ని నిలబెట్టినవాళ్లున్నారు. పైగా మన పనిపాట ఒక మనిషి ఆత్మకథగా మొదలవలేదు. ఒకరు అందిస్తే పదిమంది అందుకునేది. కొసరాజు పాటలో 'నేను' కన్నా 'మనం' పెద్దది. అందుకే ఆయన పాట జిక్కి గొంతులోనూ, మాధవపెద్ది గొంతులోనూ ఒకే ఊరి మాటగా వినిపిస్తుంది.

బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. గూడ, మోట పోయి మోటారు వచ్చింది, నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. పనిపాట పనితోపాటే పోవాలి కదా మరి! పోలేదు. గూడ ఎన్నడూ చూడని పిల్లలకు సైతం ఇద్దరు చెయ్యి కలిపే ఆ లయ తెలుసు, ఎందుకంటే ఒకరు దాన్ని రచనగా నిలబెట్టారు. పేరులేని పాటే అసలైనదని పట్టుబట్టేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. పని పోయినప్పుడు పేరులేని పాటను కాపాడేవాళ్లు ఎవరూ ఉండరు.

బాపట్ల దాటాక మాగాణి తగ్గి ఇసుక నేలలు, జీడిమామిడి, సరుగుడు తోపులు, ఆపైన సూర్యలంక తీరం. వైమానిక దళ కేంద్రం ఒక పక్క, సెలవులకు వచ్చే జనం మరో పక్క, వాళ్ల నడుమ వలలు బాగుచేసుకునే మత్స్యకారులు. వల లాగడం కన్నా లయ అవసరమైన పని ఏముంది? అయినా ఈ పనికి డెల్టా దుక్కికి దొరికినట్టు ఒక కొసరాజు దొరకలేదు. చుండూరు దగ్గర ఆగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ మొదలవుతుంది. కొసరాజు పల్లె రైతు పల్లె, భూమి ఉన్నవాడి కళ్లతో చూసిన పల్లె. దాన్ని ఒప్పుకుంటే ఆయన విలువ తగ్గదు, హద్దు తెలుస్తుంది. జానపద కవి అన్న బిరుదు చేసిన రెండో కీడు ఇదే: ఒక కోణం నుంచి కట్టిన పాటను పల్లె మొత్తం గొంతుగా చూపించింది. రచయితగా గుర్తిస్తే ఆయన ఎక్కడ నిలబడి పాడారో అడగగలం, ఆయన చూడని చోట నిలబడినవాళ్ల పాటను వేరుగా వినగలం.

అందుకే నేను కోరేది కొసరాజుకు మరో బిరుదు కాదు. 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోనే మాగాణి ఉంది, సముద్రమూ ఉంది. ఇక్కడి బడుల్లో ఆయన పాటను ఆ పాట పుట్టిన పనితో కలిపి నేర్పాలి, దాని పక్కనే కూలిపేటల పాట, వల లాగే పాట, దంపుళ్ల పాట పాడినవాళ్ల పేర్లతో సహా రికార్డు చేయాలి. లెస్లీ రిడిల్ పేరు రికార్డు మీద పడకపోవడం లాంటి అన్యాయం మనం మళ్లీ చేయనక్కర్లేదు. అప్పికట్ల మనిషి ఒకడు దుక్కి దున్నే పనిని రచనగా నిలబెట్టవచ్చని రుజువు చేశాడు. మిగిలిన పనులకూ ఆ హక్కు ఉంది.