మా పొయ్యి కాడి మాటలు – 14: కైమా ఉంటల చారు



ముందు ఒక లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. చదువుకుంటున్న చెల్లెళ్లారా, మీ హాస్టల్ గదిలో అయిదుగురుంటే ముగ్గురికన్నమాట. మా అక్క కూతురు ఆ లెక్కలో ఉంది.

తిరుపతిలో గది తీసుకుని డిగ్రీ చదువుతోంది. సంక్రాంతి సెలవులకు వడమాలపేట వచ్చినప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర. పన్నెండుకు తగ్గకూడదు. డాక్టరమ్మ ఇనుము మాత్రలు రాసింది, మంచిదే. దానిమ్మ, ఖర్జూరం, బీట్‌రూట్ తినమంది. మాంసం మాట ఎత్తలేదు. ఇంట్లో ఏం తింటారని అడగనూ లేదు.

ఎర్రగా ఉన్నదల్లా రక్తమవుతుందని ఎవరు చెప్పారో గానీ, 100 గ్రాముల దానిమ్మ గింజల్లో ఇనుము అర మిల్లీగ్రాము కూడా ఉండదు. అంతే గొడ్డుమాంసంలో రెండు మిల్లీగ్రాములకు పైనే. మాంసంలోని ఇనుము పట్టినంత సులువుగా ఆకుల్లోది, గింజల్లోది ఒంటికి పట్టదు. అదే ముద్దలో కాస్త మాంసం కలిస్తే ఆకుకూర ఇనుము కూడా ఇంకొంచెం పడుతుంది. ఇదంతా పోషకాహారం పుస్తకాల్లో ఉన్నదే. సలహా చెప్పే నోటికే ఆ మాట రాదు.

ఇక ధర. మా వైపు కిలో వేటమాంసం పెట్టే డబ్బుకు ఎనుము మాంసం రెండు కిలోలు వస్తుంది. మా అవ్వ ఆ కైమాతో ఉంటలు చేసి పులుసు పెట్టేది. తునకలైతే ఎవరికెన్ని పడ్డాయని తగువు. ఉంటలైతే మనిషికి నాలుగని లెక్క కుదురుతుంది. నేను ఆ పులుసునే చారులా పలచన చేసి, నూనె తగ్గించి, కూరగాయలు పెంచాను.

ఆరుగురికి అరకిలో కైమా. కడిగి నీళ్లు బాగా పిండేయాలి, తడి ఉంటే ఉంట విడిపోతుంది. చిన్న ఎర్రగడ్డ, నాలుగు పచ్చిమిరపకాయలు, అల్లం, తెల్లగడ్డ, కొత్తిమీర, ఉప్పు, పసుపు, రెండు స్పూన్ల పుట్నాల పొడి. అన్నీ కైమాతో కలిపి రోట్లో నాలుగు పోట్లు వేయండి. మిక్సీ అయినా సరే, పేస్టు కాకుండా చూసుకోండి. ఉసిరికాయంత ఉంటలు చేసి పక్కన పెట్టండి.

పెద్ద గిన్నెలో ఒక్క స్పూను నూనె వేసి జీలకర్ర, దంచిన మిరియాలు, ఎర్రగడ్డ, మూడు టమోటాలు మగ్గించండి. రెండు లీటర్ల నీళ్లు పోసి అనపగింజలు వేయండి. సంక్రాంతికి మా చిత్తూరు సీమలో అనపకాయకు కొదవుండదు. అవి సగం ఉడికాక క్యారెట్, సొరకాయ, మునక్కాయ. నీళ్లు తెర్లుతున్నప్పుడు ఉంటలు ఒక్కొక్కటిగా జారవిడవండి. అయిదు నిమిషాలు గరిటె పెట్టొద్దు. తర్వాత మంట తగ్గించి అరగంట. ఒక ఉంట విరిచి చూడండి, లోపల ఎరుపు ఉండకూడదు. చివర్లో గుప్పెడు మునగాకు. నిమ్మరసం మాత్రం దించి, కాస్త ఆరాక పిండండి. అందులోని సి విటమిన్ ఇనుము పట్టడానికి సాయం చేస్తుంది, మంట మీద చాలావరకు పోతుంది. తిన్న గంట దాకా టీ తాగొద్దు, తాగితే పట్టే ఇనుము తగ్గుతుంది. మాత్రలు మానొద్దు.

పిల్ల రెండు గిన్నెలు తాగింది. తాగి, "మామా, గదిలో అడిగితే మటన్ సూప్ అని చెప్తాలే" అంది.

పక్కన మా నాయన రసం అన్నం తింటున్నాడు. ఆయన పెద్దకూర మానేసి ముప్పై ఏళ్లు. "అంబేద్కరే మానమన్నాడు కదరా" అంటాడు. నిజానికి 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ మానమన్నది చచ్చిన పశువు మాంసం. ఊరి కళేబరం మోయడం, దాన్నే తినడం, ఆ వెట్టిని తెంచుకోమన్నాడు. అదే మనిషి 1948లో అంటరానివాళ్ల పుట్టుక మీద రాసిన పుస్తకంలో, గొడ్డుమాంసం తినేవాళ్లన్న గీత దగ్గరే అంటరానితనం మొదలైందని వాదించాడు. రెండూ కలిపి చదవాలి. నాయన తినకపోవడం ఆయన ఇష్టం. ఆఫీసులో పక్క కుర్చీవాడు ముక్కు మూసుకుంటాడేమోనని మానేశాడు. ఆ భయం మనవరాలి దాకా రావడమే నాకు కష్టంగా ఉంది.

చట్టం సంగతీ తెలుసుకోండి. మన రాష్ట్రంలో 1977 చట్టం ఆవును కోయడం నిషేధించింది. ఎనుముకైతే అధికారి ధ్రువపత్రం కావాలి. తినడం నేరమని అందులో లేదు. అయినా 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే ఘర్షణలయ్యాయి. పిల్ల మటన్ అని ఎందుకంటుందో నాకు తెలుసు.

నెల తర్వాత పరీక్షలో పది దగ్గరికి వచ్చింది. మాత్రల వల్ల ఎంత, ఉంటల వల్ల ఎంత అని విడదీసి చెప్పలేను. మొన్న ఫోన్ చేసి ఉప్పు, పుట్నాల కొలతలు అడిగింది. గదిలో వండుదామంటే ఇంటాయన కోడిగుడ్డు కూడా ఒప్పుకోడంట. ఇప్పుడు ముగ్గురు స్నేహితురాళ్లు ఇల్లు మారాలని చూస్తున్నారు. అద్దె ఇంకో అయిదొందలైనా సరే, పొయ్యి మీద ఏం ఉడుకుతోందని అడగని ఇల్లు కావాలి. తిరుపతిలో మీకు తెలిసి ఉంటే నాకు చెప్పండి.