పెడల్ కిందికి పోయింది

"మామూ, లక్షా పదివేలు సర్దగలరా? బ్రేకులకు."

ఒక రాత్రి ఇషా నమాజు చదివి ఇంటికొచ్చేసరికి మా భాంజా గడప దగ్గర కూర్చొని ఉన్నాడు. సలాం చెప్పాడు, చాయ్ తాగాడు, అటూ ఇటూ తిప్పి చివరికి ఈ మాట అడిగాడు. వాడు కారు కొన్నదే 45 వేలకు. 2005 మోడల్ మారుతి ఎస్టీమ్. కారు ధరకు రెండింతలు పెట్టి బ్రేకులేందిరా అని నవ్వబోయి, వాడి మొహం చూసి ఆగిపోయాను. వాడు భయపడి ఉన్నాడు.

వాడి షౌక్ సంగతి ముందు చెప్పాలి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది కదా, నా వెంటపడి టికెట్టు కొనిపించుకొని వెళ్లాడు. ఆ రోజు నుంచి వాడి నిద్ర పోయింది. పగలు ఏసీ మెకానిక్ పని, రాత్రి కారు పని. కమిటీ ఎత్తుకొని ఆ ఎస్టీమ్ కొన్నాడు. ఎస్టీమే ఎందుకంటే, మన దేశంలో జేబు చిన్నగా ఉన్నవాళ్లు చాలామంది రేసులు నేర్చుకున్నది దాని మీదే. తేలిక బండి, 1.3 లీటర్ల ఇంజన్, పార్టులు పాత దుకాణాల్లో ఇంకా దొరుకుతాయి. సీట్లు పీకేశాడు, లోపల ఇనుప పైపుల కేజ్ కట్టించాడు. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోటైలో మద్రాసు ట్రాకు ఉంది. 1990లో తెరిచారు, ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. దోస్తులతో కలిసి అక్కడికి మొదటిసారి ప్రాక్టీసుకు పోయి వచ్చాడు.

"అయిదు చుట్లు బ్రహ్మాండంగా తిరిగింది మామూ. ఆరో చుట్టులో పొడుగాటి రోడ్డు చివర బ్రేకు తొక్కితే పెడల్ కిందికి పోయింది. ఉత్తి కాలు కింద పడ్డట్టు. గేర్లు దించుకుంటూ గడ్డిలోకి పోనిచ్చాను. దేనికీ తగల్లేదు, అల్లాహ్ కా షుకర్."

"పైపు పగిలిందా?"

"లేదు. ఆయిల్ ఒక్క చుక్క కారలేదు. గంట ఆగి తొక్కితే పెడల్ రాయిలాగ ఉంది. ఏమీ జరగనట్టు." కాసేపు ఆగి, "అబ్బాకు చెప్పకండి" అన్నాడు.

నా చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. ఈ మాట నేను ముందే విన్నాను. ఇవే ముక్కలు, ఇదే వరుస. వాడి అబ్బా నోటి నుంచే.

*

మా దుల్హాభాయ్ ఇరవై ఏళ్లు డీసీఎం నడిపాడు. 2009 వానాకాలంలో ఉల్లిగడ్డ లోడుతో శ్రీశైలం ఘాట్ దిగుతుంటే బండి కొండవైపు గోడను గుద్దుకొని పక్కకు పడింది. దేవుడి దయ, లోయ వైపు పోలేదు. కుడికాలు మూడుచోట్ల విరిగింది. ఆస్పత్రి మంచం మీద వచ్చినవాళ్లందరికీ ఆయన చెప్పింది ఒకటే: "తొక్కిన, పెడల్ కిందికి పోయింది." మర్నాడు బండి లేపించి ఓనర్ తన మెకానిక్‌తో తొక్కించి చూపించాడు. పెడల్ గట్టిగా ఉంది, బ్రేకు పడుతోంది, ఆయిల్ నిండుగా ఉంది. "నిద్రపోయి గుద్దిండు" అని తేల్చేశాడు. లోడు నష్టం ఆయన జీతం బాకీలో కోసుకున్నాడు. ఆ తర్వాత ఇంకెవరూ ఆయనకు స్టీరింగ్ ఇవ్వలేదు.

ఇక్కడ నా గునాహ్ ఒకటి ఉంది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఆ రాత్రి జిల్లా పేజీ డెస్కు మీద ఉన్నది నేనే. నాలుగు లైన్ల వార్త వచ్చింది. చివరి లైను 'డ్రైవర్ నిద్రమత్తే కారణమని తెలిసింది.' పేరు చూశాను, మా దుల్హాభాయే. ఫోన్ చేసి ఆస్పత్రి కనుక్కున్నాను, ఆపాను పంపే ఏర్పాటు చేశాను. ఆ లైను మాత్రం కొట్టేయలేదు. చుట్టరికం కోసం వార్త మార్చాననే మాట రాకూడదనుకున్నాను, అది దియానత్‌దారీ అని నమ్మాను. ఎవరికి తెలిసింది, ఎట్లా తెలిసింది అని ఒక్క ప్రశ్న అడగకుండా అచ్చేసిన మాటలో దియానత్ ఎక్కడుంది? ఓనర్ ఆ కటింగునే పదిమందికి చూపించాడు.

*

మర్నాడు భాంజాను వెంటబెట్టుకొని యాకుత్‌పురాలో మాకు తెలిసిన ఉస్తాద్ షెడ్డుకు పోయాను. డెబ్బై దాటిన మనిషి. చదువు లేదు, తజ్రిబా సముద్రమంత. సంగతంతా విని ఒకటే అడిగాడు: "చల్లగా ఉన్నప్పుడు గట్టిగా తొక్కితే చక్రాలు జామ్ అయితాయా?"

"అయితాయి ఉస్తాద్. టైర్లు కీచుమంటయి."

"మరి ఇంకా పెద్ద బ్రేకు ఎందుకు? బండిని ఆపేది బ్రేకు కాదు బేటా, టైరు. బ్రేకు చక్రాన్ని ఆపుతది, టైరు జమీన్‌ను పట్టుకొని బండిని ఆపుతది. చక్రం జామ్ చేసే తాఖత్ నీ బ్రేకుకు ఉంది. నీకు తక్కువ పడ్డది తాఖత్ కాదు, వేడిని తట్టుకునే సబర్."

నాకు మా ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పిన ఉస్తాద్ గుర్తొచ్చారు. తవానాయీ ఫనా కాదు, షకల్ మార్చుకుంటుందని బోర్డు మీద రాసేవారు. రఫ్తార్ రెండింతలైతే తవానాయీ నాలుగింతలవుతుందనీ చెప్పారు. ఆ రాత్రి కాయితం మీద హిసాబ్ వేశాను. మనిషితో కలిపి 950 కిలోల కారు 140 కిలోమీటర్ల వేగం నుంచి 70కి దిగాలంటే దాదాపు 5.4 లక్షల జౌళ్ల తవానాయీ వేడిగా మారాలి. ఇంట్లో లెక్కలో చెప్పాలంటే, 30 డిగ్రీల నీళ్లు లీటరున్నర పైచిలుకు మరుగుకు వచ్చేంత వేడి. అందులో కొంత గాలి, ఇంజన్ పంచుకున్నా, మిగిలిందంతా మూడు నాలుగు సెకన్లలో ఆ డిస్కులకూ డ్రమ్ములకూ ఎక్కుతుంది. ఎక్కువ భాగం ముందు డిస్కులకే, ఎందుకంటే బ్రేకు కొట్టగానే బరువు ముందుకు వాలుతుంది. ఇంకో మలుపు, ఇంకో దేగ్చీ. చల్లారే లోపల మళ్లీ ఒకటి.

ఆ వేడి ప్యాడ్ల గుండా బ్రేక్ ఆయిల్‌కు పాకుతుంది. మామూలు డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. అట్లా తడి పట్టిన ఆయిల్‌కు ప్రమాణం 140 డిగ్రీలే. డాట్ 4 అయితే 230, తడి పడితే 155. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు, అందుకే కాలి బలం చక్రం దాకా పోతుంది. ఆవిరిని నొక్కితే నలిగిపోతుంది. పెడల్ కిందికి పోతుంది, ప్యాడ్ మాత్రం డిస్కును పట్టదు. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. పెడల్ గట్టిపడుతుంది. చుక్క కారదు, గుర్తు మిగలదు.

"ఆయిల్ ఎప్పుడు మార్చినవ్?" అని ఉస్తాద్ అడిగితే వాడు తల దించుకున్నాడు. కొన్నప్పటి నుంచి మార్చలేదు. రంగు చాయ్ డికాషన్‌లా ఉంది.

నేను అప్పుడు ఘాట్ సంగతి అడిగాను. లోడు బండి, గంట సేపు దిగుడు, కాలు బ్రేకు మీదే, ఏళ్ల తరబడి మార్చని ఆయిల్. మర్నాడు పెడల్ గట్టిగా ఉండొచ్చా?

ఉస్తాద్ నా వైపు చూశాడు. "డీసీఎంకు కూడా ఆయిల్ బ్రేకే కదా. మర్నాడు చల్లగా తొక్కి చూసినోడు అనాడీ అన్నట్టు. కుండ చల్లారినంక ఉడికిందా లేదా అని చెయ్యి పెట్టి చూస్తరా ఎవరైనా?"

ఆ రోజు అదే జరిగిందని నేనిప్పుడు రుజువు చేయలేను. ఆ బండి ఏ తుక్కు దుకాణంలో కరిగిపోయిందో. కానీ అట్లా జరగడానికి అన్ని సామాన్లూ అక్కడ ఉన్నాయి. ఒక మనిషి ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పాడు, మేమెవరం నమ్మలేదు.

*

ఇక బ్రేకుల హిసాబ్. ఇట్లాంటి షౌక్ ఉన్న పిల్లలు మన ఇళ్లలో ఇంకా ఉండొచ్చు, అందుకే వివరంగా రాస్తున్నాను.

లక్షా పదివేల కిట్టు ఉస్తాద్ ఎందుకు వద్దన్నాడంటే, ఆ పెద్ద డిస్కు ఎస్టీమ్ 13 అంగుళాల చక్రంలో పట్టదు. చక్రాలు మార్చాలి, వాటితో టైర్లూ మారాలి, చక్రం దగ్గర బరువు పెరుగుతుంది. పెద్ద పిస్టన్లకు పాత మాస్టర్ సిలిండర్ ఆయిల్ చాలక పెడల్ లోతుకు పోతుంది. ముందు బ్రేకు ఒక్కటే బలిస్తే వెనక డ్రమ్ములు పని చేయక ముందూ వెనకల తూకం చెడుతుంది. పైగా దిగబోయే తరగతి నిబంధనల్లో అసలు ఇజాజత్ ఉందో లేదో ముందు చదువుకోవాలి. కొన్న తర్వాత చదివితే డబ్బు గంగపాలు.

మేము కొన్నవి ఇవి. కంపెనీ సైజులోనే కొత్త సాదా డిస్కులు, జత 5,000. చిల్లులు పెట్టిన డిస్కులు చూడ్డానికి బాగుంటాయి, కానీ వేడికి ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు పుడతాయి. ట్రాకు కోసం చేసిన ముందు ప్యాడ్లు 9,000. మామూలు ప్యాడ్లు మరీ వేడెక్కితే జారుడు పడతాయి, ఇవి ఆ వేడిలోనూ పట్టుకుంటాయి. చలిలో మాత్రం సరిగా పట్టవు, కీచుమంటాయి, డిస్కును తొందరగా తింటాయి. బజారుకు పోయే బండికి పనికిరావు. 300 డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ ఆయిల్ రెండు సీసాలు 3,600. స్టీలు అల్లిక పైపులు 4,500. రబ్బరు పైపు ఒత్తిడికి ఉబ్బుతుంది, ఇవి ఉబ్బవు. వెనక డ్రమ్ములకు కొత్త షూలు, సిలిండర్ రబ్బర్లు 1,500. ముందు బంపర్ నుంచి డిస్కు నడిమికి గాలి తెచ్చే గొట్టాలు, క్లాంపులు 900. మొత్తం 24,500.

అన్నింట్లో సస్తాది ఆ గాలి గొట్టం. వేడి తట్టుకోవడానికి వేలు పోస్తాం, వేడిని బయటకు పంపే దారికి వందలు చాలు.

పైసా ఖర్చు లేనివి కూడా ఉస్తాద్ చెప్పాడు. కొత్త ప్యాడ్లతో నేరుగా రేసుకు దిగొద్దు, కొంచెం కొంచెం గట్టిగా పదిసార్లు బ్రేకు వేసి, మధ్య మధ్య చల్లారనిచ్చి ప్యాడ్ నూ డిస్కునూ కలవనివ్వాలి. చివరి చుట్టు బ్రేకు వాడకుండా మెల్లగా తిరిగి రావాలి. వచ్చాక వేడి మీద హ్యాండ్ బ్రేకు లాగొద్దు. ప్రతి ప్రాక్టీసుకు ముందు గాలి తీయాలి.

డబ్బు నేనే ఇచ్చాను. అప్పుగా కాదు, బహుమానంగా కూడా కాదు. అదేమిటో నాకు తెలుసు. కానీ ఒక షరతు పెట్టాను. జరిగింది అబ్బాకు వాడే చెప్పాలి.

*

జుమ్మా రోజు భోజనాలయ్యాక చెప్పాడు. ఆపా దస్తర్‌ఖాన్ ఎత్తుతూ ఆగిపోయింది. వాడు పెడల్ కిందికి పోయిందని అనగానే దుల్హాభాయ్ చెయ్యి మోకాలి మీద బిగుసుకుంది. గంట తర్వాత రాయిలా ఉందని చెప్పగానే వాడి వైపు తిరిగాడు.

"ఆయిల్ కారిందా?"

"లేదబ్బా. లోపల మరిగింది. చల్లారితే మళ్లీ మామూలే."

ఆ తర్వాత నేను మాట్లాడాను. ఆ నాలుగు లైన్లు డెస్కు మీద నా చేతిలో నుంచే పోయాయని, చివరి లైను నేను అడగకుండా వదిలేశానని చెప్పాను. మాఫీ అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆపా ఏడుస్తోంది. చివరికి, "పదహారేండ్లు నాకే డౌట్ ఉండేది సాలే సాబ్" అన్నాడు. "అందరూ నిద్రపోయినవ్ అంటే, నిజంగనే ఒక్క నిమిషం కన్ను మూతపడ్డదేమో అనుకున్న."

నా మీద కోపం తెచ్చుకున్నా బాగుండేది.

తర్వాతి ప్రాక్టీసుకు ఆయన కూడా వెళ్లాడు. నేనూ వెళ్లాను. తెల్లవారుజామున ఫజర్ చదివి, కారు ట్రాకు మీదికి పోకముందు, గాలి తీసే పని దుల్హాభాయే దగ్గరుండి చేయించాడు. బుడగ రావడం ఆగిందాకా వదల్లేదు. ఒంటెను ముందు కట్టేయాలి, తవక్కుల్ ఆ తర్వాత. మనందరికీ తెలిసిందే, చేసేది తక్కువ. భాంజా ఎనిమిది చుట్లు తిరిగి, తొమ్మిదోది మెల్లగా తిరిగి వచ్చాడు. ప్యాడ్ల వాసన వస్తోంది, డిస్కుల మీద నీలం రంగు మెరుస్తోంది. కారు ఆగగానే దుల్హాభాయ్ కట్టె పక్కన పెట్టి, తలుపు తీసి, వాడిని లేపి తను కూర్చున్నాడు. ఆ విరిగిన కుడికాలుతోనే పెడల్ తొక్కాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి బలమంతా పెట్టి.

"ఉంది" అన్నాడు.

మీ ఇంటి బండి ఆయిల్ ఎప్పుడు మార్చారో ఒకసారి చూసుకోండి. రెండేళ్లయితే మార్పించండి, పెద్ద ఖర్చు కాదు. ఘాట్ దిగేటప్పుడు చిన్న గేర్లో దిగండి. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వండి. బ్రేకు పడలేదని ఎవరైనా డ్రైవర్ చెబితే, మర్నాడు చల్లని పెడల్ తొక్కి చూసి అబద్ధమని అనకండి. నేను ఆ రాత్రి అడగని ప్రశ్న మీరైనా అడగండి.