పంకా లేని విమానం

పిల్లలూ, మీరెప్పుడైనా ఢిల్లీ వెళితే ఎర్రకోటా, కుతుబ్ మీనారూ చూసి ఊరుకోకండి. పాలంలో మన వైమానిక దళం వారి ప్రదర్శనశాల ఉంది. దాన్ని 1967లో పెట్టారు. 40 ఏళ్ళ లోపల యుద్ధ విమానాలు ఎలా మారిపోయాయో అక్కడ నడుస్తూ చూడవచ్చు.

మొదట వాపిటీని వెతకండి. పైనొక రెక్క, కిందొక రెక్క, మధ్య నిలువు కడ్డీలూ, తీగలూ! పైలట్ తల మీద కప్పన్నదే లేదు. 1933లో మన వైమానిక దళపు మొదటి స్క్వాడ్రన్ ఇలాంటి 4 విమానాలతోనే ప్రారంభమయింది. ఇది గంటకు సుమారు 215 కిలోమీటర్లు పోయేది. తరవాత స్పిట్‌ఫైర్ చూడండి. రెక్కలు ఒక్క వరసే, ఒళ్ళంతా లోహం, ముక్కుకు పెద్ద పంకా. దీని చివరి రకాలు గంటకు సుమారు 700 కిలోమీటర్లు పోయాయి.

అంతకన్న వేగం ఎందుకు రాలేదు? పంకా ఆకుల కొసలు విమానంకన్న ఎంతో వేగంగా కదులుతాయి. ఆ వేగం ధ్వని వేగాన్ని సమీపించేసరికి పంకాకు గాలిలో పట్టు చిక్కదు. ఇక ఎంత బలం పెట్టినా చాలాభాగం వృథాయే.

దీనికొక ఉపాయం 1930లోనే ఇంగ్లండులో ఫ్రాంక్ విటిల్ అనే 22 ఏళ్ళ వైమానికుడికి తట్టింది. బుడగ ఊది మూతి వదిలేస్తే ఏమవుతుంది? గాలి వెనక్కు, బుడగ ముందుకు! అలాగే ముందునుంచి గాలి పీల్చి, అదిమి, చమురు మండించి, ఆ వేడిగాలిని వెనకనుంచి వదిలితే విమానం ముందుకు పోతుంది. పంకాతో పని లేదు. ప్రభుత్వం వారు మొదట దీన్ని లక్ష్యపెట్టలేదు. 1935లో పేటెంటు నిలుపుకోవటానికి కట్టవలసిన 5 పౌన్లు కూడా విటిల్ దగ్గర లేకపోయాయి. ఈలోపల జర్మనీలో మరొకరికి ఇదే ఉపాయం తట్టి, వారి జెట్ విమానం 1939 ఆగస్టు 27న ఎగిరింది. విటిల్ యంత్రంతో విమానం ఎగిరింది 1941 మే 15న.

ఇప్పుడు పాలంలో వాంపైర్ దగ్గరికి రండి. దీని ముక్కుకు పంకా లేదు. తోకను రెండు పొడుగాటి చేతులు పట్టుకున్నట్టుంటాయి. తమాషా ఏమంటే, జెట్ విమానమై ఉండికూడా, పైలట్ కూర్చునే భాగాన్ని కర్రతో చేశారు. 1948లో వచ్చిన ఈ వాంపైరే మన మొదటి జెట్. కాని 1965 సెప్టెంబరు 1న, ఛంబ్ వద్ద జరిగిన యుద్ధంలో 4 వాంపైర్లు ఒక్క సాయంత్రమే కూలిపోయాయి. పాకిస్తాను వారి సేబర్ జెట్లకు అవి సాటి కావు. పదిహేడేళ్ళలోనే అవి పాతబడిపోయాయి! వాటిని యుద్ధరంగం నుంచి తప్పించారు.

సేబర్లను ఎదిరించే పని నాట్ మీద పడింది. నాట్ అంటే చిన్న దోమలాంటి పురుగు. పేరుకు తగినట్టే ఈ రెక్క కొసనుంచి ఆ రెక్క కొసకు 7 మీటర్లయినా లేదు. 1971 డిసెంబరు 14న సేబర్లు శ్రీనగర్ విమానాశ్రయం మీద దాడి చేశాయి. బాంబులు పడుతూండగానే నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్ తన నాట్‌లో పైకి లేచాడు. ఒంటరిగా వాటితో పోరాడి ప్రాణాలు విడిచాడు. మన వైమానిక దళంలో పరమవీర చక్ర పొందినవాడు ఆయన ఒక్కడే.

పాలంలో నాట్ కనిపించినప్పుడు దాని పక్కన ఒక్క నిమిషం ఆగండి. పైలట్ కూర్చునే చోటు ఎంత ఇరుకుగా ఉంటుందో చూసి మరీ రండి.