ఇరువది నిమిషములు

పాము కరచిన మనుష్యునిమీద నాకెన్నడును కోపము రాదు. వాని వెంట వచ్చిన బలగముమీదనే వచ్చును. సాగరు ఎడమకాలువ నీటితో హుజూర్‌నగర్ చుట్టుపట్ల వరి పండుచున్నది. వరి యున్నచోట ఎలుకయు, ఎలుక యున్నచోట రక్తపింజరియు నుండుట సృష్టిధర్మము. చీకటివేళ మడికి నీరు పెట్టబోయినవాని పాదము దానిపై బడుటలో నేరమెవ్వరిది? కాని పిక్క నల్లబడునట్లు తాడు బిగించి, పసరు త్రాగించి, మంత్రగాని వాకిట తెల్లవారుదాక నిశ్చింతగా కూర్చుండిన జనమే, ఆసుపత్రి మెట్లెక్కినంతనే, "సూది ఇయ్యక గా గొట్టం జూసుకుంట కూసున్నవేంది సారూ?" యని నిలదీయుదురు.

ఆ గొట్టమే నాకు శరణ్యము. పొడిగా, శుభ్రముగా నున్న గాజుగొట్టమున రెండు మిల్లీలీటర్ల రక్తము పోసి, ఇరువది నిమిషములు కదల్పకుండ నుంచి, గడ్డకట్టెనా లేదా యని ఒక్కమారు వంచి చూతుము. (దానిని సబ్బుతో తోమెడి సిస్టరమ్మ శుచిత్వము మెచ్చదగినదే, ఆ గాజు మాత్రము పరీక్షకు పనికిరాదు.) రక్తపింజరి విషము రక్తమును గడ్డకట్టించు ఘటకములలో ఐదవదానిని, పదవదానిని రెచ్చగొట్టి, నాళములలోనే ఫైబ్రినోజెనును ఖర్చు చేయించును, తుదకు గాయమువద్ద గడ్డకట్టుటకేమియు మిగులదు. తెల్లకణములు, సి-రియాక్టివ్ ప్రోటీను పెరుగుట దేహమున రగిలిన శోథకు చిహ్నము. ఐనను చీముపుండునకును అవి పెరుగును గనుక వానిని నమ్మి విరుగుడు మందు నీయను. కట్లపాము, నాగుపాము కాటు ఈ గొట్టమునకు చిక్కదు. అచట వ్రాలెడి కనురెప్పలను చూడవలెను. విచిత్రమేమనగా, 1934లో లండనులో మాక్‌ఫర్లేన్, బార్నెట్ అను వైద్యులు రక్తపింజరి విషమునే పలుచన చేసి హిమోఫీలియా రోగుల నెత్తురు నిలిపిరి!

కరచెడి పాములలో విషములేనివే పెక్కు. విషసర్పము సైతము ఒక్కొక్కప్పుడు విషము విడువకయే కరచును. అట్లు బ్రదికినవారందరు మంత్రగాని పద్దున జమపడుదురు. చచ్చినవారు మా పద్దునకు వత్తురు.

ఒక వానకాలమున మట్టపల్లి వైపునుండి ఒక యువకుని తెచ్చిరి. "మంత్రం పారింది సారూ, ఇషం దిగింది" అని మేనమామ ధీమా. చిగుళ్లనుండి నెత్తురూరుచుండెను, మూత్రమెఱ్ఱబారెను. తల్లి నేలపై గొంతుక్కూర్చుండి, గొట్టమువంకనే చూచుచు, "గట్టివడ్డదా, కొడకా?" యని మాటిమాటికి నన్నడుగుచుండెను. ఆ పిలుపునకు నా కోపము నీరయ్యెను. వంచి చూడగా, గొట్టములోనిదియు నీరే.

పది సీసాల విరుగుడు మందెక్కించితిమి. ఆరు గంటల తరువాత మరల పరీక్ష, మరల పది. మరునాటికి రక్తము గట్టిపడెను. "గడ్డ గట్టింది గద, ఇంటికి వోతం" అని మేనమామ మూట సర్దెను. మూత్రపిండముల సంగతి ఇంకను తేలలేదని, క్రియాటినిన్ పెరుగుచున్నదని నేనెంత అరచినను వాని చెవికెక్కలేదు. తల్లి మాత్రము మంచమువద్దనుండి కదలలేదు. ఆమె మొండితనమువలననే ఆ యువకుడు ఆసుపత్రిలో నుండెను, వారమునకు క్రియాటినిన్ దిగెను.

ఇంటికి పోవునాడు మంత్రగానికి కోడిని మొక్కుకొనిరట. దాని ఖరీదు తానే పెట్టుకొనుచున్నానని మేనమామ గర్వముగా నాతోనే చెప్పెను.